విశ్వం మొత్తం శక్తి సున్నా కావచ్చా?

1868 ఆగస్టు 18న కృష్ణా డెల్టా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ సాగిపోయింది. గుంటూరు, మచిలీపట్నం, వాటి నడుమ గుడివాడ, నందివాడ పల్లెలన్నీ పట్టపగలు చీకట్లో మునిగాయి. ఆ కొద్ది నిమిషాల కోసమే ఫ్రాన్స్ నుంచి పియెర్ జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం పెట్టాడు. ఆ నక్షత్రశాలకే చెందిన చింతామణి రఘునాథాచారి నైజాం ఇలాకాలోని వనపర్తి నుంచి అదే గ్రహణాన్ని పరిశీలించాడు. చంద్రబింబం సూర్యుణ్ణి పూర్తిగా మూసినప్పుడు అంచున ఎగసే జ్వాలలను వర్ణపటదర్శినితో చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో ఒక పసుపు గీత ఉంది. సోడియం గీతల పక్కనే ఉన్నా వాటితో కలవదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకయర్ గ్రహణంతో పనిలేకుండానే ఆ గీతను పట్టుకున్నాడు. భూమ్మీద ఎవరూ ఎరగని మూలకమేదో సూర్యుడిలో ఉందని తేలింది. దానికే హీలియం అని పేరు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని రాబట్టేదాకా అది సూర్యుడి సొత్తుగానే ఉండిపోయింది.

విశ్వశక్తి గురించిన వ్యాసాన్ని హీలియంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఒక హీలియం పరమాణువును తూచి, అది తయారు కావడానికి ఖర్చయిన నాలుగు హైడ్రోజన్ పరమాణువులతో పోల్చితే బరువు 0.7 శాతం తగ్గుతుంది. తగ్గినంత మేరా వెలుగై, వేడై సూర్యుడి నుంచి బయటికి పోయింది. అలా సూర్యుడు సెకనుకు సుమారు 43 లక్షల టన్నుల ద్రవ్యరాశిని కోల్పోతున్నాడు. కణాలు విడివిడిగా ఉన్నప్పటి బరువుకంటే ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నప్పటి బరువు తక్కువ. వాటిని మళ్లీ విడదీయాలంటే ఆ లోటును బయటి నుంచి ఎవరైనా పూడ్చాలి. ఈ లోటునే బంధన శక్తి అంటాం. మొత్తంలో దీన్ని ఋణ సంఖ్యగా రాస్తాం.

హీలియం కేంద్రకాన్ని పట్టి ఉంచేది కేంద్రక బలం. భూమిని, సూర్యుణ్ణి, పాలపుంతను పట్టి ఉంచేది గురుత్వాకర్షణ. పట్టు ఉన్న ప్రతిచోటా లోటు ఉంటుందంటే గురుత్వాకర్షణకూ ఒక లోటు ఉండాలి. అది ఎంతదాకా పెరగగలదు? పెరిగి పెరిగి, పదార్థంలో ఉన్న శక్తినంతటినీ సరిగ్గా చెల్లబెట్టేసేటంత కాగలదా? విశ్వం మొత్తానికి శక్తి కూడిక వేస్తే సున్నా వస్తుందని కొందరు భౌతికశాస్త్రవేత్తలు దశాబ్దాలుగా అంటున్న మాట వెనక ఉన్న ప్రశ్న ఇదే. ఈ మాట ఇప్పుడు బడిపిల్లల దాకా చేరింది. రుజువైన సత్యంలా చెబుతున్నారు కనుక, అందులో ఏ పాలు గట్టిదో, ఏ పాలు ఇంకా గట్టిపడలేదో విప్పి చూడటం అవసరమని నా నమ్మకం.

ముందు ‘ఋణ శక్తి’ అన్న మాటను కుదురుగా అర్థం చేసుకోవాలి. కొల్లేటి చుట్టుపక్కల ప్లస్ ఐదు కాంటూరు అంటే తెలియనివారు లేరు. సగటు సముద్రమట్టాన్ని సున్నా అనుకుని, అక్కడి నుంచి ఐదడుగుల ఎత్తున్న రేఖ అది. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ వద్ద పూర్తి నీటిమట్టాన్ని కూడా అదే సున్నా నుంచి లెక్కకట్టి 57.05 అడుగులంటాం. బ్యారేజీ వద్ద ఒక ఘనపు మీటరు నీటిని తీసుకుంటే, సముద్రమట్టం సున్నాగా దానికున్న స్థితిశక్తి సుమారు 1.7 లక్షల జౌళ్లు. ఆ నీరు నందివాడ చేలమీదుగా సముద్రం చేరేలోగా ఖర్చు పెట్టుకోగలిగినది అంతే. సున్నాను ఇంకోచోట పెట్టుకుంటే అంకె మారుతుంది. భూమి ఆకర్షణ సోకనంత దూరాన సున్నా పెట్టి చూడండి. అదే నీటి స్థితిశక్తి మైనస్ 6,260 కోట్ల జౌళ్లు అవుతుంది. కాలువలకు ఏ సున్నా అయినా ఒకటే. రెండు మట్టాల మధ్య తేడాయే నీటిని నడిపిస్తుంది.

అయితే ఈ స్వేచ్ఛ ఇక్కడితో ఆగుతుంది. న్యూటన్ లెక్కల్లో సున్నాను ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఐన్‌స్టైన్ వచ్చాక శక్తికి బరువు ఏర్పడింది. బరువును తూచవచ్చు. కాబట్టి ఎంచుకోవడానికి ఏమీ మిగలలేదు. విడివిడిగా అనంత దూరంలో ఉన్న రాళ్ల బరువు మొత్తం ఒకటి, అవే రాళ్లు చేరి భూగోళమైతే దాని బరువు ఇంకొకటి. భూమి గురుత్వ బంధన శక్తి సుమారుగా, రెండున్నరను పదితో 32 సార్లు గుణిస్తే వచ్చినన్ని జౌళ్లు. ద్రవ్యరాశిగా మారిస్తే రెండున్నర లక్షల కోట్ల టన్నులకు పైమాటే. భూమి తన రాళ్ల మొత్తం కంటే అంత తేలిక. భూమి పరిమాణం ముందు ఇది ఎంత? పది వేల కోట్లలో 46 వంతులు.

ఇంత చిన్న లోటును కొలిచారా? కొలిచారు. కెన్నెత్ నార్డ్‌వెట్ 1968లో దానికో దారి చూపాడు. భూమి, చంద్రుడు రెండూ సూర్యుడివైపు పడుతూనే ఉంటాయి. భూమిలో గురుత్వ బంధన శక్తి పాలు పది వేల కోట్లలో 46 వంతులైతే చంద్రుడిలో రెండు వంతులే. ఈ ఋణ శక్తి మామూలు ద్రవ్యరాశిలా సూర్యుడివైపు పడకపోతే రెండింటి పతనంలో తేడా వస్తుంది, చంద్రుడి కక్ష్య సూర్యుడి దిక్కుగా కొంచెం జరుగుతుంది. 1969 జులైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడిమీద ఉంచి వచ్చిన అద్దాలమీదికి లేజర్ కిరణాలు పంపి, తిరిగివచ్చే కాలాన్ని బట్టి దూరాన్ని దశాబ్దాలుగా కొలుస్తున్నారు. పది లక్షల కోట్లలో ఒకటి రెండు వంతుల సూక్ష్మత వరకు భూమి, చంద్రుడు ఒకే తీరుగా పడుతున్నట్లు తేలింది. గురుత్వాకర్షణ తాలూకు లోటు భూమి జడత్వంలో కనబడి, సూర్యుడు భూమిని లాగే బలంలో కనబడకపోతే ఈ ఫలితం రాదు. ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ప్రయోగం ఇదే. ‘సున్నా విశ్వం’ గురించి రాసేవారు దీన్ని ఎక్కువగా ప్రస్తావించకపోవడం ఆశ్చర్యం.

ఇంతకంటే పెద్ద లోటు 1987 ఫిబ్రవరి 23న బయటపడింది. దక్షిణాకాశంలో, పెద్ద మాగెలాన్ మేఘంలో ఒక తార పేలింది. తార గర్భం కుప్పకూలి న్యూట్రాన్ తారగా ముడుచుకున్నప్పుడు దాని గురుత్వ స్థితిశక్తి ఒక్కసారిగా మరింత ఋణంలోకి దిగిపోతుంది. దిగిన మేరకు శక్తి బయటికి రావాలి. అది దాదాపు అంతా న్యూట్రినోల రూపంలో వస్తుందని సిద్ధాంతం ముందే చెప్పింది. జపానులోని కామియోకాండే పరికరంలో 11, అమెరికాలోని ఐఎంబీలో 8, రష్యాలోని బక్సాన్‌లో 5 న్యూట్రినోల జాడలు నమోదయ్యాయి. ఆ కొద్దిపాటి కణాల నుంచే వెలువడిన మొత్తం శక్తిని లెక్కకట్టారు. అది సూర్యుడి ద్రవ్యరాశిలో సుమారు ఆరో వంతుకు సమానం. హీలియంలో లోటు 0.7 శాతమే. ఇక్కడ గురుత్వాకర్షణ తార గర్భపు బరువులో పది శాతం దాటి తినేసింది.

గురుత్వ బంధన శక్తి లెక్కల్లో హైదరాబాదుకూ చోటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రాచార్యుడైన సాలెహ్ మొహమ్మద్ అల్లాదీన్ 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రంపై పత్రం ప్రచురించాడు. రెండు గెలాక్సీలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతే వాటి తారలు తాకవు. కానీ పరస్పర ఆకర్షణ ఒక్కో తారనూ కొద్దికొద్దిగా తట్టి వేగం పెంచుతుంది. గెలాక్సీ మొత్తం శక్తి ఋణంలో ఉంటుంది కనుకే అది గెలాక్సీగా నిలిచి ఉంది. ఢీకొన్నప్పుడు చేరిన శక్తి ఆ ఋణాన్ని సున్నాకు చేరిస్తే గెలాక్సీ విచ్చిపోతుంది. అల్లాదీన్, ఆయన శిష్యులు ఉస్మానియాలో ఏళ్ల తరబడి వేసిన లెక్కలు ఈ ఋణానికీ సున్నాకూ మధ్య దూరాన్ని గురించినవే. ఒక తారల గుంపు విషయంలో ‘మొత్తం శక్తి సున్నా’ అనే మాటకు స్పష్టమైన అర్థం ఉంది. పట్టు తెగిపోయే సరిహద్దు అది. విశ్వం విషయంలో ఆ మాటకు అంత స్పష్టత ఉందా అన్నదే మన ముందున్న పని.

ఈ ఆలోచనను మొదట గట్టిగా పట్టుకున్నవారిలో జర్మన్ శాస్త్రవేత్త పాస్కువల్ జోర్డన్ ఒకడు. ఒక తార ద్రవ్యరాశి శక్తిని దాని గురుత్వ లోటు సరిగ్గా రద్దు చేస్తే ఆ తార శూన్యం నుంచే పుట్టవచ్చు కదా అన్నాడు. జార్జ్ గామోవ్ తన ఆత్మకథలో ఒక సంగతి రాశాడు. ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టైన్‌తో నడుస్తూ ఈ ఊహను చెబితే ఐన్‌స్టైన్ ఉన్నచోటే నిలబడిపోయాడట. అప్పుడు ఇద్దరూ రోడ్డు దాటుతున్నారు. వచ్చే కార్లు ఆగవలసి వచ్చింది. 1973 డిసెంబరులో న్యూయార్క్ హంటర్ కాలేజీకి చెందిన ఎడ్వర్డ్ ట్రయన్ నేచర్ పత్రికలో రాసిన రెండు పేజీల వ్యాసం ఈ ఊహను విశ్వానికంతటికీ వర్తింపజేసింది. మొత్తం శక్తి సున్నా అయితే విశ్వం పుట్టుక ఏ నిత్యత్వ నియమాన్నీ అతిక్రమించదు, అది శూన్యంలో వచ్చిన ఒక క్వాంటం ఊగిసలాట కావచ్చు అన్నది ఆయన ప్రతిపాదన.

ట్రయన్ చూపిన లెక్క కష్టమైంది కాదు. కిలో బరువున్న వస్తువును ఒక చోట పెట్టండి. ఆ చోట ఉన్న గురుత్వాకర్షణ వల్ల దాని స్థితిశక్తి ఎంత ఋణం, ఆ వస్తువు ద్రవ్యరాశి శక్తిలో అది ఎన్నో వంతు అని అడగండి. భూమి ఉపరితలం మీద భూమి ఆకర్షణ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే వంద కోట్లలో ఒక వంతు కూడా లేదు. సూర్యుడి ఉపరితలం మీద పది లక్షల్లో రెండు వంతులు. న్యూట్రాన్ తార మీద ఆరో వంతు దాకా. ఇప్పుడు కనిపించే విశ్వాన్ని తీసుకోండి. విశ్వ వ్యాకోచ వేగం కాంతి వేగానికి సమానమయ్యే దూరం సుమారు 1,400 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ గోళంలో సగటున ఘనపు మీటరుకు ఐదు హైడ్రోజన్ పరమాణువుల బరువు ఉంది. ఈ రెండు అంకెలతో లెక్కవేస్తే వచ్చేది సగం. అంటే విశ్వం మొత్తం ఆ కిలో వస్తువు మీద చూపే గురుత్వ లోటు, ఆ వస్తువు శక్తితో సరితూగే స్థాయికి చేరింది. వంద కోట్లలో ఒక వంతు దగ్గర మొదలైన నిష్పత్తి ఇక్కడికి చేరడం చూసి ఎవరి మనసైనా కదలాలి. నాకు ఈ లెక్క ఎప్పుడు చూసినా కొత్తగానే ఉంటుంది.

కానీ సగం అనేది ఒకటి కాదు. ట్రయన్‌కూ ఆ సంగతి తెలుసు. ఆయన చెప్పింది పరిమాణాల పోలిక మాత్రమే. పైగా ఈ లెక్కను న్యూటన్ పద్ధతిలో వేశాం. వ్యాకోచించే విశ్వానికి ఆ పద్ధతి అరువు తెచ్చిన చొక్కా లాంటిది.

ఇక్కడే ఒక గందరగోళం జనసామాన్యపు పుస్తకాల్లో తరచూ చోటు చేసుకుంటోంది. విశ్వం గురించి చెప్పే ‘సున్నా’లు నిజానికి రెండు వేర్వేరువి. ఒకటి ట్రయన్ సున్నా. ద్రవ్యరాశి శక్తి ఒకవైపు, గురుత్వ లోటు ఇంకోవైపు. రెండోది అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ 1922లో కనుగొన్న సమీకరణాల నుంచి వచ్చేది. ఒక గెలాక్సీ దూరంగా పరుగెత్తే గతిశక్తిని, దాన్ని వెనక్కి లాగే గురుత్వ స్థితిశక్తిని కూడితే ధనమా, ఋణమా, సున్నానా అన్నదాన్ని బట్టి విశ్వపు వక్రత ఉంటుంది. సరిగ్గా సున్నా అయితే విశ్వం చదును. ఈ కూడికలో ద్రవ్యరాశి శక్తి పద్దు అసలు లేదు. విశ్వం చదునుగా ఉందని ఉపగ్రహాలు కొలిచాయి కాబట్టి మొత్తం శక్తి సున్నా అని రుజువైందని చెప్పేవారు రెండో సున్నాను చూపించి మొదటి సున్నాను నమ్మమంటున్నారు. పేరున్న శాస్త్రవేత్తలు రాసిన పుస్తకాల్లో కూడా ఈ జారుడు కనబడుతుంది. చదువరి దగ్గర ఆగి, ఇందులో ఏది ఏ సున్నా అని చెప్పడం రచయిత బాధ్యత.

అసలు చిక్కు ఇంకా లోతున ఉంది. శక్తి ఎందుకు నిలకడగా ఉంటుంది? 1918లో గోటింగెన్‌లో ఎమ్మీ నోథర్ దీనికి జవాబు చెప్పింది. భౌతిక నియమాల్లో ఉన్న ప్రతి నిరంతర సౌష్ఠవానికీ ఒక నిత్యత్వ నియమం పుడుతుంది. నిన్నటికీ నేటికీ రంగస్థలం మారకపోతే శక్తి నిలుస్తుంది. వ్యాకోచించే విశ్వంలో రంగస్థలమే మారిపోతోంది. నిన్నటి స్థలకాలం నేడు లేదు. అటువంటప్పుడు విశ్వం మొత్తానికి శక్తి నిలకడగా ఉండాలని కోరే హక్కు మనకు ఎక్కడిది?

ఇది ఊహకు సంబంధించిన అనుమానం కాదు. 1965లో పెంజియాస్, విల్సన్ కనుగొన్న విశ్వ నేపథ్య వికిరణం ఇందుకు సాక్షి. విశ్వం పుట్టిన 3.8 లక్షల ఏళ్లకు విడుదలైన ఆ కాంతి అప్పుడు దాదాపు 3,000 కెల్విన్ డిగ్రీల వేడిలో ఉంది. ఇప్పుడు 2.725 డిగ్రీలు. విశ్వంలో ప్రతి ఘనపు సెంటీమీటరులో సుమారు 411 కాంతికణాలు ఆనాటివి ఉన్నాయి. సంఖ్య తగ్గలేదు. ఒక్కో కణం శక్తి మాత్రం 1,100 రెట్లు తగ్గింది. తగ్గిన శక్తి ఎవరికి ముట్టింది? ఏ వస్తువుకూ ముట్టలేదు. అటు కృష్ణ శక్తి దీనికి ఎదురు కథ. 1998లో దూరపు సూపర్‌నోవాల వెలుగును కొలిచిన రెండు బృందాలు విశ్వ వ్యాకోచం వేగం పుంజుకుంటోందని చూపాయి. దానికి కారణమైన కృష్ణ శక్తి నేటి విశ్వంలో 68 శాతానికి పైగా ఉంది. అది నిజంగా స్థిరాంకమే అయితే, ఘనపు మీటరుకు దాని పరిమాణం మారదు. ఘనపు మీటర్లు మాత్రం పెరుగుతూ పోతాయి. ఒకవైపు కాంతి శక్తి తరుగుతోంది, ఇంకోవైపు శూన్యపు శక్తి పెరుగుతోంది. ఈ రెంటినీ సరిచేసే పద్దు గురుత్వ క్షేత్రానిదే అయి ఉండాలని ‘సున్నా’ వాదులు అంటారు. సరే, ఆ పద్దు రాయగలమా?

ఐన్‌స్టైన్ రాయడానికి ప్రయత్నించాడు. గురుత్వ క్షేత్రపు శక్తికి ఒక గణిత రాశిని ప్రతిపాదించాడు. దానితో కూడితే స్థానికంగా నిత్యత్వ నియమం చూడ ముచ్చటగా నిలుస్తుంది. కానీ ఆ రాశి మనం ఎంచుకున్న నిరూపకాలను బట్టి మారిపోతుంది. 1918లో హాన్స్ బౌయర్ ఏ పదార్థమూ లేని చదును స్థలాన్ని తీసుకుని, నిరూపకాలను మాత్రం మార్చి చూస్తే ఐన్‌స్టైన్ రాశి సున్నా కాని శక్తిని చూపింది. అదే రోజుల్లో ష్రోడింగర్ ఇందుకు తిరగేసిన ఉదాహరణ ఇచ్చాడు. సూర్యుడి వంటి గోళం చుట్టూ తగిన నిరూపకాలు ఎంచుకుంటే క్షేత్రపు శక్తి బయట అంతటా మాయమవుతుంది. ఈ దోషం లెక్కల్లో తప్పు వల్ల వచ్చింది కాదు. ఏ బిందువు దగ్గరైనా స్వేచ్ఛగా పడుతున్న పరిశీలకుడికి గురుత్వాకర్షణ కనబడదు. కనబడని చోట దాని శక్తి ఇంత అని గుర్తు పెట్టడం సాధ్యపడదు. గురుత్వ శక్తి ఉంది, ఎక్కడుందో చెప్పలేం. చార్లెస్ మిస్నర్, కిప్ థార్న్, జాన్ వీలర్ 1973లో ప్రచురించిన ‘గ్రావిటేషన్’ అనే పాఠ్యగ్రంథం ఈ విషయానికే ఒక భాగం కేటాయించింది.

ఇంత తెలిసీ 1994లో నాథన్ రోసెన్ ఐన్‌స్టైన్ రాశినే వాడి, ముడుచుకుని ఉండే సజాతీయ విశ్వానికి మొత్తం శక్తి లెక్కకట్టాడు. సున్నా వచ్చింది. ఐన్‌స్టైన్‌తో కలిసి 1935లో పనిచేసిన రోసెన్ ఈయనే. తర్వాత ఇంకొందరు వేర్వేరు రాశులతో, దిక్కుకో వేగంతో వ్యాకోచించే బియాంకీ నమూనాలకు అదే పని చేశారు. చాలాచోట్ల సున్నాయే వచ్చింది. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఈ నమూనాల పనిలో ఒక కేంద్రం. అక్కడి అనువర్తిత గణిత శాఖకు చెందిన డి.ఆర్.కె. రెడ్డి, ఆయన సహచరులు బియాంకీ విశ్వాలపై దశాబ్దాలుగా పత్రాలు ప్రచురించారు. వాటిలో రోసెన్ ప్రతిపాదించిన ద్విమాపక గురుత్వ సిద్ధాంతంలోని విశ్వాలూ ఉన్నాయి. రోసెన్ ఆ సిద్ధాంతాన్ని తయారు చేయడానికి ఒక ప్రేరణ ఈ శక్తి చిక్కే. వంపు తిరిగిన స్థలకాలంతోపాటు పోల్చుకోవడానికి ఒక చదును స్థలకాలాన్ని కూడా నేపథ్యంగా పెట్టుకుంటే గురుత్వ శక్తికి నిరూపకాలతో మారని నిర్వచనం దొరుకుతుంది. విశాఖపట్నంలో సుద్దముక్కతో ఈ సమీకరణాలు సాధించిన వారి పని వార్తాపత్రికలకు ఎక్కలేదు. విశ్వశక్తి చర్చలో తెలుగువారు ఎక్కడున్నారని అడిగితే నేను ముందు చూపేది ఆ నల్లబల్లనే.

రోసెన్ సున్నా మనకు నచ్చినా, అది ఎంచుకున్న రాశిమీద ఆధారపడినది. రాశితో పనిలేని వాదన ఏదైనా ఉందా? ఉంది, విద్యుదావేశంతో మొదలుపెడితే తేలిగ్గా బోధపడుతుంది. ప్రతి ధనావేశం నుంచి బలరేఖలు బయలుదేరుతాయి, ఋణావేశం దగ్గర ముగుస్తాయి. విశ్వం గోళపు ఉపరితలంలా తనలో తాను ముగిసేది అనుకోండి. దానికి అంచు లేదు. ఒక్క ధనావేశమే ఉంటే దాని బలరేఖలు పోవడానికి చోటు లేదు, ఎక్కడో ఒకచోట ముగియక తప్పదు. కనుక ముడుచుకున్న విశ్వంలో మొత్తం ఆవేశం సున్నా అయి తీరాలి. ఇది ప్రకృతి ఎంపిక కాదు, ఆకారం విధించిన షరతు. శక్తికీ ఇలాంటి మాటే వర్తిస్తుంది. ఒక తార ద్రవ్యరాశిని దూరాన ఉన్న గ్రహం కక్ష్యను బట్టి కొలుస్తాం. అంటే బయట నిలబడి కొలుస్తాం. ముడుచుకున్న విశ్వానికి బయట లేదు. కొలవడానికి కక్ష్య లేదు. అందుకే అటువంటి విశ్వానికి మొత్తం శక్తి అన్న మాటే లేదని మిస్నర్, థార్న్, వీలర్ తేల్చారు. కొందరు దాన్నే సున్నా అంటారు. నా మటుకు నాకు లేనిదాన్ని లేదనడమే నిజాయితీగా తోస్తుంది. సున్నా అనడానికి కొలబద్ద ఉండాలి.

బయట ఉన్న సందర్భంలో ఏమవుతుందో మనకు చాలా కచ్చితంగా తెలుసు. 1979లో రిచర్డ్ షోన్, షింగ్-టుంగ్ యావ్, 1981లో ఎడ్వర్డ్ విటెన్ ఒక సిద్ధాంతాన్ని రుజువు చేశారు. చుట్టూ ఖాళీ స్థలం ఉన్న ఏ వ్యవస్థకైనా, అందులోని పదార్థపు శక్తి సాంద్రత ఎక్కడా ఋణం కాకపోతే, మొత్తం శక్తి ఋణం కాజాలదు. అది సున్నా అయితే అక్కడ ఏమీ లేదనే అర్థం, స్థలకాలం శుద్ధ చదును. జోర్డన్ ఊహించిన సున్నా శక్తి తార దీనితో కొట్టుకుపోయింది. తార ఉంటే బరువు ఉంటుంది. గురుత్వాకర్షణ ఎంత తిన్నా పూర్తిగా తినలేదు. 2015 సెప్టెంబరు 14న లిగో పరికరం పట్టుకున్న గురుత్వ తరంగాలు పుట్టిన ఘటనలో సుమారు 36, 29 సూర్యుల బరువున్న రెండు కృష్ణబిలాలు కలిసి 62 సూర్యుల బిలం అయ్యాయి. మూడు సూర్యుల బరువు తరంగాలై పోయింది. మిగిలినదానికి బరువు మిగిలే ఉంది. కాబట్టి ‘సున్నా’ అన్న మాటకు తావు ఉంటే గింటే, బయట అనేది లేని విశ్వం దగ్గరే ఉంది.

ఇక శూన్యం నుంచి పుట్టుక సంగతి. 1982లో అలెగ్జాండర్ విలెంకిన్, క్వాంటం సొరంగ ప్రభావం ద్వారా చిన్న ముడుచుకున్న విశ్వం శూన్యం నుంచి పుట్టగలదని సమీకరణాలతో చూపాడు. అలన్ గుత్ ప్రతిపాదించిన విశ్వ ద్రవ్యోల్బణ సిద్ధాంతం ప్రకారం అటువంటి చిన్న బీజం కన్ను మూసి తెరిచేలోగా ఉబ్బిపోతుంది. అందులో పదార్థం పెరిగిన కొద్దీ గురుత్వ లోటూ పెరుగుతుంది. ఇవి అందమైన, గౌరవించవలసిన ఆలోచనలు. కానీ శక్తి సున్నా కావడం పుట్టుకకు అడ్డు తొలగిస్తుంది తప్ప పుట్టుకకు కారణం కాదు. క్వాంటం నియమాలు, వాటికి అర్థం ఇచ్చే స్థితుల సమితి ముందే ఉన్నాయని ఆ సమీకరణాలు ఒప్పుకున్నాకే పని చేస్తాయి. దాన్ని ‘ఏమీ లేకపోవడం’ అని పిలవడం సమంజసం అనిపించదు. శక్తి ఒక్కటే పద్దు కూడా కాదు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు వాటి ప్రతికణాల కంటే ఎక్కువగా మిగిలిపోయాయి. ఆ మిగులే మనం. ఆ పద్దు సున్నా కాలేదు, ఎందుకు కాలేదో శక్తి లెక్క చెప్పదు.

అందుకని నాకు మిగిలే ప్రశ్న సూటిగా ఉంటుంది, కొలతకు అందుతుంది. విశ్వం ముడుచుకుని ఉందా, చదునా, తెరుచుకుని ఉందా? ముడుచుకుని ఉంటే రోసెన్ సున్నాకు, విలెంకిన్ ఊహకు కాలు మోపడానికి నేల దొరుకుతుంది. చదునై అనంతంగా ఉంటే ప్రతి ఘనపు మీటరుకూ లెక్క చెప్పగలం గానీ మొత్తం అనే కూడికే పూర్తి కాదు. ప్లాంక్ ఉపగ్రహం నేపథ్య వికిరణాన్ని కొలిచి, గెలాక్సీల అమరికతో కలిపి 2018లో ఇచ్చిన ఫలితం ప్రకారం వక్రత పాలు 0.001, అటూ ఇటూ 0.002. అంటే సున్నాకు ఏ వైపున ఉందో ఆ కొలత చెప్పలేదు. ముడుచుకున్నదైనా, వంపు మనకు కనబడనంత పెద్దదైతే ఇదే అంకె వస్తుంది. అరిజోనాలో డెసీ అనే పరికరం లక్షల కొద్దీ గెలాక్సీల దూరాలు కొలుస్తోంది. ఐరోపావారి యూక్లిడ్ దూరదర్శిని 2023 జులై నుంచి అంతరిక్షంలో ఉంది. వక్రతలో ఆ 0.002ని ఇంకా కిందికి దించడం వాటి పనుల్లో ఒకటి.